బాటిల్ గ్రీన్ యూనిఫాం

వాన ఇప్పుడే రావాలా, సరిగ్గా నేను అబిడ్స్‌లో ఆఫీసు దిగి స్టేషన్ రోడ్డు మీద సగం దూరం వచ్చాక, గొడుగు ఆఫీసులో కుర్చీకి వేలాడుతుండగా, ఈ చీర ఒంటి మీద ఉండగా. తడిస్తే కాటన్ చీర బరువెక్కుతుంది, పట్టుచీర ముడుచుకుంటుంది, ఇది మాత్రం జిగురు పూసినట్టు కాళ్ళకు అతుక్కుంటుంది, అడుగు వేయనివ్వదు. ఎదురుగా ఏదో ప్రైవేటు ఆసుపత్రి కనిపిస్తే దాని పోర్టికో కిందికి వచ్చి నిలబడ్డాను. టైం ఐదూ నలభై. ఆరున్నరకు విద్యాసాగర్ సార్ కారు ఈ రోడ్డునే వస్తుంది. ఏడు గంటల రైలుకు నాంపల్లి స్టేషనుకు పోతూ, మీరెక్కడుంటే అక్కడ ఆపి లెటర్ మీద సంతకం పెట్టి ఇస్తానన్నారు. ఈ ఆసుపత్రి ముందున్నానని మెసేజ్ పెట్టాను. ఆ లెటర్ నా బ్యాగులో ఉంది. దాని కింద రెండు సంతకాలకు చోటుంది, ఎడమవైపు అడ్మిన్ మేనేజర్, అంటే నేను, కుడివైపు మేనేజింగ్ డైరెక్టర్, అంటే ఆయన. నేను పెట్టందే ఆయన పెట్టరు, మా లిఫ్టుల కంపెనీలో అది రూలు, ఆ రూలు కూడా నేను రాసిందే. రేపటితో భవ్యకు ప్రొబేషన్ ఆరు నెలలు పూర్తవుతాయి. ఈ రెండు సంతకాలూ ఇవాళ పడితే ఆ పిల్ల ఎల్లుండి నుంచి ఆఫీసుకు రానక్కర్లేదు. కారణం, పలుమార్లు హెచ్చరించినా డ్రెస్ కోడ్ పాటించకపోవడం. ఆ వాక్యం టైపు చేయడానికి నాకు ఒక నిమిషం పట్టింది. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు.

పెట్టకపోవడానికి జాలి కారణం కాదు, ఆ దశ నేను ఎప్పుడో దాటిపోయాను. పెన్ను తీసిన ప్రతిసారీ భవ్య మాటే చెవిలో గింగురుమంటోంది, అదీ సంగతి. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు రోజూ లాగే గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను, రోజూ లాగే జీన్సు, మోకాళ్ళ పైకి ఒక పొట్టి కుర్తా, మెడలో హెడ్‌ఫోను వేసుకుని వచ్చింది. చీరేదమ్మా అన్నాను. ఇంట్లో ఉంది మేడమ్ అంది. ఇంట్లో ఉండడానికా ఇచ్చింది అన్నాను. లోపలున్న వాళ్ళంతా వింటుండగా, గొంతు పెంచకుండా, నాకు లిఫ్టు రిపేరు గురించి చెబుతున్నట్టు నిదానంగా చెప్పింది, "మేడమ్, మీరు ఒక్కరోజు ఆ చీర కట్టుకుని ఇక్కడి నుంచి నాంపల్లి దాకా నడవండి. తర్వాత ఏ లెటర్ ఇచ్చినా సంతకం పెట్టి తీసుకుంటా." నడిస్తే ఏమవుతుంది, నేను నడవలేనా, ఈ రోడ్డు మీద నేను నడిచినన్ని సార్లు అది ఊపిరి కూడా పీల్చి ఉండదు. అందుకే ఇవాళ కట్టాను. రేపు దాన్ని పిలిచి, కట్టాను, నడిచాను, ఏమీ కాలేదు అని మొహం మీద చెప్పి లెటర్ చేతిలో పెడదామని. ఏమీ కాలేదు అని చెప్పాలంటే ముందు ఏమీ కాకుండా ఉండాలి కదా, వాన కూడా పగబట్టింది.

అసలు ఈ గొడవంతా పోయిన ఏడు ఉగాదికి మొదలైంది. సార్ ఎక్కడో బెంగుళూరులో ఏదో ఆఫీసు చూసి వచ్చారు, అందరూ ఒకే రంగు, చూడముచ్చటగా ఉంది మేడం, మనమూ పెడదాం అన్నారు. నేనే కోఠికి పోయాను, నాలుగు కొట్లు తిరిగాను, ఐదో కొట్టులో ఈ బాటిల్ గ్రీన్ మీద ఆవాల రంగు ఆకుల డిజైన్ చూసి ఇదీ అనుకున్నాను. మరక కనబడదు, ఇస్త్రీ అక్కర్లేదు. పదహారు మంది ఆడపిల్లలకు తలా రెండు చీరలు, మగవాళ్ళకు అదే రంగు షర్టు గుడ్డ. సర్క్యులర్ టైపు చేశాను, పైటకు పిన్ను తప్పనిసరి, చెప్పులు నిషేధం, షర్టు లోపలికి దోపుకోవాలి, అడ్మిన్ మేనేజరు, ఆపై వారికి ఇది వర్తించదు. ఇక చూడు నా రాజ్యం. కీర్తి బ్లౌజు టైలరు ఇవ్వలేదంటుంది, పద్నాలుగు నెలలుగా ఇవ్వని టైలరు హైదరాబాదులో ఎవడో నాకూ చూపించమ్మా అంటే నవ్వుతుంది. శ్రీనిధికి ఎలర్జీ. మహీధర్ ఆ షర్టు గుడ్డతో సోఫా దిండ్లకు గలీబులు కుట్టించాడని సొంత నోటితో వాడే చెప్పాడు, భలే మన్నుతున్నయ్ మేడం అని మెచ్చుకున్నాడు కూడా. మెమో ఇస్తే సారీ మేడం అంటారు, మర్నాడు మళ్ళీ అదే వేషం. చెవిటివాడి ముందు శంఖం ఊదడం నయం, కనీసం వాడు సారీ చెప్పడు.

అన్నిటికీ తలమానికం పోయిన శ్రావణంలో జరిగింది. ఖైరతాబాద్‌లో మా ఆడపడుచు తోడికోడలు ఇంట్లో వ్రతానికి పోయాను. బొట్టు పెట్టింది, తాంబూలంలో పండూ ఆకూ వక్కా పెట్టి మీద ఒక చీర పెట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి కవరు తీస్తే ఇదే. బాటిల్ గ్రీన్, ఆవాల రంగు ఆకులు. వెంటనే ఫోను చేసి ఆరా తీశాను. ఆమెకు ఎవరు పెట్టారంటే బోరబండలో వాళ్ళ పిన్ని పెట్టింది, ఆ పిన్నికి ఎవరో గృహప్రవేశంలో పెట్టారు, ఆ ఎవరో మా అకౌంట్స్ నాగవల్లికి మేనత్త. ఎవరూ విప్పలేదు, ఎవరూ కట్టలేదు, వచ్చిన మడతతోనే చేతులు మారి మారి నా ఒళ్ళోకొచ్చి పడింది. పెట్టుబడి చీర అయిపోయిందన్నమాట నేను ఎంచిన యూనిఫాం. నాగవల్లిని పిలిచి అడిగితే ఇంట్లో వెతుకుతా మేడం, బీరువాలోనే ఉండాలె అంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. ఇవాళ నేను కట్టింది ఆ చీరే, నా వాటా నేను తీసుకోలేదు కాబట్టి ఇంట్లో ఉన్నది అదొక్కటే. సరే, వాళ్ళందరినీ వదిలి భవ్య ఒక్కదాని మీద పడ్డావేంటి అని ఎవరైనా అడగొచ్చు. మిగిలినవాళ్ళు అబద్ధాలు చెబుతారు, అబద్ధంలో కాస్త భయం ఉంటుంది, భయంలో కాస్త మర్యాద ఉంటుంది. ఇది అబద్ధం చెప్పదు. కట్టను మేడమ్ అంటుంది. సార్‌కు కావలసింది ఒకరు, మిగిలినవాళ్ళు చూసి భయపడాలి, ఆ ఒకరు ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళయితే కాగితాలు తక్కువ.

వాన తగ్గడం లేదు. పోర్టికోలో గోడ వారగా సిమెంటు అరుగుంది, కూర్చున్నాను. మోకాళ్ళు కూడా ఈ మధ్య నా మాట వినడం లేదు, వాటికి కూడా ఒక మెమో ఇవ్వాలి. భవ్య పని ఏమిటంటే ఫోను. కంప్లెయింట్ డెస్కు. మేం అమ్మిన లిఫ్టుల్లో ఎక్కడ ఎవరు ఇరుక్కున్నా ముందు దానికి ఫోనొస్తుంది, అది మెకానిక్‌ను పంపిస్తుంది, మెకానిక్ చేరేదాకా లోపలున్నవాళ్ళతో మాట్లాడుతుంది. అది చీర కట్టుకుందో గోనెసంచి కట్టుకుందో లిఫ్టులో ఉన్నవాడికి తెలిసే వీల్లేదు, ఆ సంగతి నాకు తెలియక కాదు. జూన్‌లో హిమాయత్‌నగర్ అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయి ఒక ముసలాయన ఇరుక్కున్నాడు, గుండెజబ్బు మనిషి, అరుస్తున్నాడు, ఊపిరాడటం లేదంటున్నాడు. ట్రాఫిక్‌లో మా మెకానిక్‌కు నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఇది ఆయన చేత గుత్తివంకాయ కూర ఎలా చేయాలో చెప్పించుకుంది. నూనె ఎంత తాతగారూ, నువ్వులు ముందా పల్లీలు ముందా, నాకు అడుగంటుతుంది ఎందుకంటారు, అని ఒకటే నస. ఆయన కోప్పడ్డాడు, నీకు వంట నేర్పినవాళ్ళెవరే అన్నాడు, కోపంలో భయం మర్చిపోయాడు. తలుపు తెరుచుకున్నాక ఫోను పెట్టేసి ఇది బాత్‌రూంలోకి పోయింది, చాలాసేపు రాలేదు. నేను గమనించాను. గమనించి ఏం చేశాను, డెస్కు ఖాళీగా వదిలినందుకు రిజిస్టర్‌లో రాశాను. ఎందుకు రాశానో ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్ళు మండుతోంది, దాని మీద కాదు.

నేనూ ఆ కుర్చీలోనే మొదలయ్యాను. ఇరవై ఏడేళ్ళ కింద, పెద్దసార్, అంటే ఇప్పటి సార్ వాళ్ళ నాన్నగారు, ఉన్నప్పుడు, టెలిఫోన్ ఆపరేటరు. ఉన్నవి మూడు చీరలు, రెండు మా అమ్మవి. అమ్మ గవర్నమెంటు బడిలో టీచరు, ఆదివారం గంజి పెట్టి దండెం మీద వరసగా ఆరేసేది, సౌభాగ్యా, మనం కట్టుకున్న చీరను బట్టే ఎదుటివాడు కుర్చీ వేస్తాడే అనేది. పెద్దసార్ మాత్రం నా చీర ఏ రంగో ఎప్పుడూ చూసినట్టు లేదు. గొంతు బాగున్నదమ్మా, నిమ్మళంగ మాట్లాడుతవు, అన్నారు ఒకసారి. ఆ ఒక్క మాటతో పదేళ్ళు పనిచేశాను. మరి ఎవరికైనా అలాంటి మాట నేనెప్పుడన్నాను. గుర్తుచేసుకుంటున్నాను, గుర్తుచేసుకుంటూనే ఉన్నాను, ఏదీ రావడం లేదు. పిన్ను పెట్టుకో, షూ వేసుకో, టక్ చెయ్, ఎన్నిసార్లు చెప్పాలె మీకు. ఇవే వస్తున్నాయి. నా గొంతు ఏమైందో.

ఇవాళ పొద్దున ఆఫీసులో మాత్రం బ్రహ్మాండంగా గడిచింది. అబ్బ మేడం మీకు భలే ఉంది అని కీర్తి ఫోటో తీసింది, సూపర్ మేడం అని మహీధర్. భవ్య ఒక్కతే ఏమీ అనలేదు, గొడుగు తీసుకపోండి మేడమ్ అంది అంతే, అందుకే పంతానికి గొడుగు వదిలేశాను. సాయంత్రం దిగేటప్పుడు లిఫ్టులో, మా కంపెనీ లిఫ్టులోనే, పై ఆఫీసుకు వచ్చినాయన ఎవరో ఫోనులోంచి తలెత్తకుండా గ్రౌండ్ నొక్కు అన్నాడు. నొక్కాను, దగ్గర్లో ఉన్నాను కాబట్టి. జీపీవో దాటాక ఛాయ్ బండి దగ్గర ఒకావిడ ఖాళీ కప్పు నా చేతికి అందించి పోయింది. కప్పు పట్టుకుని పది అడుగులు నడిచాక గానీ నేనెందుకు పట్టుకున్నానో అర్థం కాలేదు. పొరపాటు, అనుకున్నాను. తొందరలో ఉంది, అనుకున్నాను. ఈ పోర్టికోలోకి వచ్చాక బాబునెత్తుకున్న అమ్మాయి, ఆంటీ ఇక్కడ జారుతోంది, తుడవరా అంది. నేను చుట్టూ చూశాను, ఎవర్ని అంటోందా అని.

అప్పుడు కనిపించింది. లోపలి నుంచి బకెట్టు, నీళ్ళు లాగే వైపరు పట్టుకుని ఒకామె వచ్చింది. బాటిల్ గ్రీన్. ఆవాల రంగు ఆకులు. మా కోఠి మహానుభావుడు, ఈ డిజైన్ హైదరాబాద్ మొత్తం మీద మీకొక్కరికే మేడం అన్నవాడు, అదే నోటితో ఎవరో హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరుకూ చెప్పాడన్నమాట. వాడి షాపు ముందే నిలబడి వాణ్ణి ఏకిపారేయాలనిపించింది. ఆమె బకెట్టు దింపి వచ్చి నా పక్కన అరుగు మీద కూలబడింది, అరవైకి దగ్గర్లో ఉంటుంది, మెడలో ఉన్న కార్డు మీద పోశవ్వ అని రాసుంది.

"కొత్తగొచ్చినవా చెల్లె? ఏ ఫ్లోరేసిన్రు?" అంది.

"నేను ఈడ కాదమ్మా. అబిడ్స్‌ల లిఫ్టుల కంపెనీల మేనేజర్‌ని" అన్నాను, కాస్త గట్టిగానే.

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి నవ్వింది, ఎగతాళిగా కాదు, తెలిసినదానిలా. "ఔ తియ్. మా ఊర్ల అడిగితె నేను గూడ దవాఖానల మేనేజర్ననే చెప్త." నేను నోరు తెరిచేలోపు కాళ్ళు చాపుకుని, "గీ చీర పాడుగాను, తడిస్తె ఆరది, చెమటకు దద్దులు లేస్తయ్. ఎవడు తెచ్చిండో వాని పెండ్లానికి కట్టాలె ఒకనాడు" అంది. శ్రీనిధి ఎలర్జీ అబద్ధం కాదేమో అని నాకు అప్పుడు తట్టింది, మెడ వెనకాల అప్పటికే గోక్కుంటున్నాను. ఊడ్చే పని తక్కువదని నేను ఎప్పుడూ అనలేదు, మా అమ్మ నన్ను అలా పెంచలేదు. కానీ నేను మేనేజర్ని అని అంత గట్టిగా ఎందుకు చెప్పాను, ఎవరు అడిగారు. నన్ను చూస్తే నాకే చిరాకేసింది.

"ఏయ్, ఇద్దరిద్దరు కూసున్నరేంది గీడ?"

లేచి నిలబడ్డాను. ఆ మాట ఎవరన్నారో చూడకముందే, ఎవర్ని అన్నారో తెలియకముందే, పోశవ్వ కంటే ముందే లేచాను. నా మోకాళ్ళు, నా మాట వినని మోకాళ్ళు, ఆ గొంతు వినగానే లేచాయి. ముప్పై ఏళ్ళుంటాయేమో, చేతిలో ప్యాడు, సూపర్‌వైజరు. "నీళ్ళు లోపటికొస్తున్నయ్ కనిపిస్తలేదా?" అంటూ వైపరు తీసి నా చేతిలో పెట్టాడు. పట్టుకున్నాను. నువ్వెవరు నాకు చెప్పడానికి అని అడగడానికి ఎన్ని మాటలున్నాయి, ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఎన్ని మాటలు నేర్చుకున్నాను, ఒక్కటీ అవసరానికి రాలేదు. వాడు నా భుజం వంక చూశాడు. "పైటకు పిన్నేది? ఎన్నిసార్లు చెప్పాలె మీకు? కార్డేది? పొద్దున చెప్తె సాయంత్రానికి మర్చిపోతరు." నా చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయి పైట సర్దుకుంది. ఆ గొంతు నాకు కొత్త కాదు. అందులో తిట్టు లేదు, కోపం కూడా పెద్దగా లేదు, రోజూ చెప్పి చెప్పి విసిగిపోయిన విసుగు ఒక్కటే ఉంది, ఎదుటి మనిషి ఏదో ఒకటి చెబుతుందేమో వినాలన్న ఆలోచన లేని విసుగు. అది నా గొంతు. తొమ్మిదిన్నరకు మా గుమ్మం దగ్గర కుర్చీలోంచి వచ్చే గొంతు. దాన్ని ఇటువైపు నిలబడి వినడం ఇదే మొదటిసారి.

"కొత్తగొచ్చింది సారూ" అంది పోశవ్వ నా ముందుకు జరిగి. "రేపటి సంది పెట్టుకుంటది. నేన్ జెప్త తియ్." వైపరు నా చేతిలోంచి తీసుకుని నీళ్ళు లాగడం మొదలుపెట్టింది. వాడు లోపలికి పోయాడు. ఐదు నిమిషాల పరిచయానికి నా తరఫున మాట్లాడింది ఈ మనిషి. నేను ఎవరి తరఫునా సార్‌తో ఒక్క మాట అనలేదు. భవ్య పేరు ఆయన చెప్పినప్పుడు, సరే సార్ అన్నాను, డ్రాఫ్టు చేస్తా సార్ అన్నాను. ఈ చీరలో రోడ్డు మీద ఏమవుతుందో ఆ పిల్లకు తెలుసు, రోజూ బస్సు దిగి ఈ ఆసుపత్రి ముందు నుంచే వచ్చే పిల్ల, చెబితే నేను విననని కూడా తెలుసు, అందుకే నడిచి చూడమంది. పోశవ్వకు ఆ మాట అనే వీలు కూడా లేదు. సిగ్గేసింది. ఇంకో మాట వెతకనక్కర్లేదు, సిగ్గే.

ఆరున్నరకు సార్ కారు వచ్చి పోర్టికో ముందు ఆగింది. అద్దం సగం దిగింది, ఆయన అటూ ఇటూ చూశారు. ఆయన చూపు నా మీది నుంచి పోయింది, పోశవ్వ మీది నుంచి పోయింది, తలుపు దాకా పోయి వెనక్కి వచ్చింది. నా బ్యాగులో ఫోను మోగింది.

"మేడం, ఎక్కడున్నరు? దవాఖాన ముందటే ఉన్న నేను. కనిపిస్తలేరు."

"మీ ఎదురుంగనే ఉన్న సార్."

"ఈడ ఊడ్చెటోళ్ళు ఇద్దరున్నరు గంతే, ఎవ్వరు లేరు."

"ఆ ఇద్దర్ల ఒకదాన్ని నేనే సార్" అని వాన లోకి దిగి కారు దగ్గరికి నడిచాను.

ఆయన అద్దం మొత్తం దించారు. చెయ్యి చాపి, "సరే, లెటరియ్యండి, టైమైతుంది" అన్నారు.

"సంతకం పెట్టలే సార్. పెట్టను గూడ."

"రేపటితోటి దాని ప్రొబేషన్ అయిపోతది మేడం. మీకు తెల్వదా?"

"తెల్సు సార్. ఆ లోపట లెటర్ ఇయ్యకపోతె రూల్ ప్రకారం పర్మనెంటే. ఆ రూల్ నేనే రాసిన."

"మరి మీ సంగతి ఏంది?" అన్నారు. బెదిరింపు కాదు, నిజంగానే అడిగారు. వచ్చాక మాట్లాడదాం సార్ అన్నాను. రైలుకు టైమవుతోంది, డ్రైవరు హారన్ కొట్టాడు, కారు కదిలింది. మాట్లాడినంతసేపూ ఆయన చీరనే చూశారు, నా మొహం వంక చూడలేదు. వచ్చే వారం ఆ కుర్చీలో నేనుంటానో లేదో నాకు తెలియదు, ఈ వయసులో ఇంకో కుర్చీ ఎవరు వేస్తారో కూడా తెలియదు. భయంగానే ఉంది. లెటర్ నాలుగు మడతలు పెట్టి బ్యాగు అడుక్కి తోశాను.

పోర్టికోలోకి తిరిగి వచ్చి భవ్యకు ఫోను చేశాను. ఏం చెప్పాలో అనుకోలేదు. నడిచాను అని చెప్పాలి, కనీసం అది. మోగుతోంది. మోగుతుంటే ఆ పిల్ల మొహం గుర్తు తెచ్చుకోబోయాను. నీలం జీన్సు వచ్చింది, అంచు చిరిగినట్టుండే ఇంకో జీన్సు వచ్చింది, పొట్టి కుర్తాలు ఒక్కొక్కటే వచ్చాయి, పసుపుది, తెల్ల గీతలది, పట్టీలు తెగిన చెప్పులు కూడా వచ్చాయి. ఆరు నెలలు, రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు, రెండడుగుల దూరంలో నిలబడింది. కళ్ళజోడు పెట్టుకుంటుందో లేదో నాకు గుర్తు రాలేదు.